పదును కోసం వేచిన విత్తనం
డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ జీవితం

కర్నూలు జిల్లా పడమటి సీమలో, ఆదోని నుండి ఎమ్మిగనూరు దాకా పరచుకొన్న నల్లరేగడిలో ప్రత్తి వేసే రైతుకు ఒక సత్యం ఎవరూ బోధింపకుండానే తెలుసు. విత్తనం ఎంత మేలైనదైనా కావచ్చు. నేల పదునులో లేనినాడు విత్తినవాడు నష్టపోతాడు. అందుచేత విత్తనం ఇంట సిద్ధంగా ఉన్నా సరే, వాన పడి నేల పదునెక్కేవరకు ఆగుతాడే గాని తొందరపడడు. విత్తనం సంపాదించడం ఒక పని, విత్తడం మరొక పని. ఆ రెండింటికీ ఒకే రోజు కుదరాలన్న నియమం లేదు.

స్త్రీ గర్భాశయం విషయంలో ఈ సామాన్య సత్యాన్నే శాస్త్రదృష్టితో గ్రహించి, దానిని ఆచరణలో పెట్టి, 1978లో కలకత్తాలో ఒక శిశువు పుట్టుకకు కారకుడైన వైద్యుడు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ. నేడు సంతానచికిత్స చేసే ప్రతి ఆస్పత్రిలోను ఆయన అనుసరించిన మార్గం నిత్యకృత్యం. ఆ మార్గం సరియైనదని లోకం ఒప్పుకొనేనాటికి ఆయన లేరు.

సుభాష్ ముఖోపాధ్యాయ 1931 జనవరి 16న, నాటి బీహారు-ఒరిస్సా రాష్ట్రంలోని హజారీబాగులో జన్మించినారు. చదువంతా కలకత్తాలో సాగింది. ప్రెసిడెన్సీ కళాశాలలో శరీరధర్మశాస్త్రం, నేషనల్ మెడికల్ కళాశాలలో వైద్యం అభ్యసించినారు. పట్టా చేతికి రాగానే ఊరిలో ఒక వైద్యశాల తెరచుకొని కూర్చోవడం ఆనాటి యువవైద్యులకు సుగమమైన దారి. ఆయన ఆ దారి త్రొక్కలేదు. సంతానోత్పత్తికి సంబంధించిన శరీరధర్మాలపై పరిశోధించి 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందినారు. అది చాలలేదు. స్కాట్లండులోని ఎడింబరో చేరి, జాన్ లొరెయిన్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త వద్ద పనిచేసి, 1967లో రెండవ డాక్టరేటు గడించినారు.

లొరెయిన్ వద్ద ఆయన నేర్చినది హార్మోనులను కొలిచే విద్య. హార్మోను కంటికి కనిపించేది కాదు. ఒక గ్రంథిలో పుట్టి, నెత్తురులో కలసి, దూరాన ఉన్న మరొక అవయవానికి ఆజ్ఞ అందజేసే రసాయనమది. దాని మోతాదు అత్యల్పం. ఏ రోజున ఎంత ఉన్నదో తెలియకుండా దానిని గూర్చి మాట్లాడడం, తక్కెడ లేకుండా బంగారం బేరమాడడం వంటిది. మూత్రంలో, నెత్తురులో ఆ స్వల్పాంశాన్ని పట్టుకొని లెక్క కట్టడంలో ఎడింబరోకు ఆ రోజులలో మంచి పేరుండేది. ఆ లెక్కను చేతపట్టుకొని ఆయన స్వదేశానికి వచ్చి, నీల్‌రతన్ సర్కార్ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించసాగినారు.

ఆయన చేసిన పని విలువ తెలియాలంటే ఆ లెక్కలోని కథ కొంత తెలిసికోక తప్పదు.

మెదడు అడుగుభాగాన శనగగింజంత పీయూష గ్రంథి ఉన్నది. దాని పైనున్న హైపోథలామస్ గంటకో గంటన్నరకో ఒకమారు చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. ఆ సంకేతాన్ని బట్టి పీయూష గ్రంథి రెండు హార్మోనులను నెత్తురులోనికి వదలుతుంది. మొదటిది అండాశయంలోని పుటికలను పెంచుతుంది. పుటిక అంటే అండాన్ని లోపల దాచుకొన్న చిన్న నీటిబుడగ. నెలనెలా కొన్ని పుటికలు పెరగనారంభిస్తవి. వానిలో ఒకటి ముందంజ వేస్తుంది. ముందంజ వేసిన పుటిక ఈస్ట్రోజన్ అనే తన హార్మోనును అధికంగా స్రవించి, పీయూష గ్రంథి పంపే పోషకధారను తగ్గిస్తుంది. తగ్గిన ధారతో తాను బ్రతుకగలదు, తక్కినవి బ్రతుకలేవు. ప్రకృతి నెలకొక అండంతోనే తృప్తిపడడంలోని రహస్యం ఇదే.

ఆ ఈస్ట్రోజనే గర్భాశయపు లోపలి పొరను మందంగా పెంచుతుంది. అది ఒక హద్దు దాటి రెండు రోజులపాటు నిలిచినదంటే వ్యవహారం తలక్రిందులౌతుంది. అంతవరకు పీయూష గ్రంథిని అణచినది ఇప్పుడు దానిని ఉసికొలుపుతుంది. రెండవ హార్మోను ఒక్కసారిగా వెల్లువెత్తుతుంది. ఇంచుమించు 36 గంటలకు పుటిక పగిలి అండం వెలువడుతుంది. పగిలిన పుటిక వ్యర్థం కాదు. అది పసుపుపచ్చని ముద్దగా మారి ప్రొజెస్టిరోన్ అనే మరొక హార్మోనును ఉత్పత్తి చేస్తుంది. పెరిగిన పొరను మెత్తపరచి, పిండం నాటుకొనడానికి అనువుగా చేసేది ఈ ప్రొజెస్టిరోనే. ఆ అనువు నెలకు కొద్ది రోజులు మాత్రమే ఉంటుంది. రైతు పదును అన్నది దీనినే. ఆ రోజులలో పిండం వచ్చి నాటుకొన్నదా, అది తన హార్మోనుతో ఆ పచ్చని ముద్దను బ్రతికించుకొంటుంది. రానినాడు పదునాలుగు రోజులకు ముద్ద ఎండిపోతుంది, పొర రాలిపోతుంది, ఋతుస్రావమౌతుంది.

పురుషునిలో పనిచేసేవి కూడ పీయూష గ్రంథి నుండి వచ్చే ఆ రెండు హార్మోనులే. ఒకటి శుక్రకణాల ఉత్పత్తికి తోడ్పడుతుంది, రెండవది టెస్టోస్టిరోనును పుట్టిస్తుంది. బిడ్డలు కలుగని దంపతులలో లోపం పురుషునిలో ఉండడం ఏమాత్రం అరుదు కాదు. అయినా మన పల్లెలలో గొడ్రాలు అనే మాట ఉన్నంత గట్టిగా దానికి పుంలింగం లేదు. భాషకు ఇది లోపమో, సంఘానికి లోపమో చెప్పనక్కరలేదు.

ఇక చికిత్స సంగతి. ముట్లుడిగిన స్త్రీకి అండాశయం బదులు పలుకదు. పలుకనికొద్దీ పీయూష గ్రంథి మరింత గట్టిగా పిలుస్తుంది. ఆ పిలుపు, అనగా ఆ రెండు హార్మోనులు, మూత్రంలో సమృద్ధిగా పోతూ ఉంటవి. ఇటలీ దేశంలో ఒక ఔషధసంస్థవారు కాన్వెంటులలోని వృద్ధ సన్యాసినుల మూత్రాన్ని సేకరించి, దానినుండి ఈ హార్మోనులను వేరుచేసినారు. సంసారాన్ని పరిత్యజించిన వృద్ధాంగనల దేహాల నుండి పరుల సంతానానికి ఔషధం లభించడం విధివిలాసమే. 1960 తరువాతి సంవత్సరాలలో ఆ మందు సూదితో అండం వెలువడని స్త్రీలు కొందరు గర్భవతులైనారు. 1995 నుండి ఇదే హార్మోను కణాలలో జన్యువును చొప్పించి తయారుచేసే పద్ధతి కూడ వ్యాపారంలోనికి వచ్చినది.

అయితే కొందరు స్త్రీలకు అండం వెలువడినా ప్రయోజనం ఉండదు. అండాన్ని గర్భాశయానికి చేర్చే నాళాలు మూసుకొని ఉంటవి. వారి కోసమే దేహానికి వెలుపల ఫలదీకరణం చేయాలన్న యోచన పుట్టినది. ఇంగ్లండులో ఎడ్వర్డ్స్, స్టెప్టో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి ఆ యత్నం చేసినారు. మొదట వారు హార్మోను సూదులిచ్చి అనేక అండాలు తీసినారు, పిండాలు తయారైనవి, గర్భం మాత్రం నిలువలేదు. చివరకు సూదులు మానివేసి, సహజంగా పక్వమైన ఒక్క అండంతోనే ప్రయత్నించి సఫలులైనారు. 1978 జూలై 25న ఓల్డ్‌హామ్ పట్టణంలో లూయీ బ్రౌన్ జన్మించినది. ప్రపంచంలో తొలి పరీక్షనాళికా శిశువు ఆమెయే.

అదే సమస్య కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయకు ఎదురైనది. ఆయన సమాధానం వేరు. సూదులు ఇచ్చిన నెలలో పది పుటికలు ఒక్కమారు పెరుగుతవి. ఒక్క పుటిక స్రవించవలసిన ఈస్ట్రోజన్ పదింతలై ప్రవహిస్తుంది. గర్భాశయపు పొర వేళ తప్పుతుంది. విత్తనం పుష్కలంగా దొరికిన నెలలోనే నేల చెడుతుంది. కాబట్టి సూదులను మానడం కాదు, విత్తడాన్ని వాయిదా వేయడమే యుక్తమని ఆయన నిశ్చయించినారు. అండాలను ఒక నెలలో తీయాలి, పిండాలను దాచాలి, స్త్రీ దేహం తన సహజక్రమానికి మరలివచ్చిన మరొక నెలలో, పదునెరిగి, నాటాలి.

దాచడమెట్లు? 1972లో శాస్త్రజ్ఞులు చిట్టెలుకల పిండాలను గడ్డకట్టించి, తిరిగి కరగించి, వాని నుండి పిల్లలను పుట్టించగలిగినారు. మానవ పిండంతో ఎవరూ సాధించలేదు. కణంలోని నీరు మంచుగా మారితే ఆ మంచుపలుకులే కణాన్ని చీలుస్తవి. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవం ఆ ప్రమాదాన్ని నివారిస్తుంది. అతిశీతల విద్యలో ఆరితేరిన సునీత్ ముఖర్జీ ఆయనకు తోడైనారు. స్త్రీవైద్యుడు సరోజ్‌కాంతి భట్టాచార్య శస్త్రకర్మ వహించినారు. ఇంగ్లండులోవలె పొట్టపై రంధ్రం చేసి దుర్భిణితో అండం తీయడం కాక, యోనిమార్గం నుండియే అండాలను సేకరించినారు. నేడు లోకమంతటా అండాలను తీసేది ఆ మార్గాననే. అల్ట్రాసౌండు చూపు తోడైనది, అంతే తేడా.

వచ్చిన స్త్రీ నాళాలు చెడినది. ఆమెకు సూదులిచ్చి అండాలు సేకరించి, భర్త శుక్రకణాలతో ఫలదీకరించి, పిండాలను గడ్డకట్టించినారు. అవి 53 దినాలు ఆ శీతలనిద్రలో ఉన్నవి. పిమ్మట కరగించి, ఆమె సహజ ఋతుచక్రంలో గర్భాశయాన ప్రవేశపెట్టినారు. 1978 అక్టోబరు 3న, శరన్నవరాత్రుల వేళ, ఆమె ఆడబిడ్డను కన్నది. ఆ శిశువును లోకం దుర్గ అనే పేరుతో ఎరుగును. లూయీ బ్రౌన్ పుట్టి రెండు నెలల పైచిలుకు మాత్రమే గడచినది.

ఇక్కడినుండి కథ శాస్త్రం చేయి దాటి సంఘం చేతిలో పడినది.

దుర్గ తల్లిదండ్రులు సంప్రదాయ కుటుంబీకులు. బిడ్డ ఎట్లు పుట్టినదో నలుగురికీ తెలియడం వారికి సమ్మతం కాలేదు. దానిని తప్పుపట్టడం తేలిక. మంత్రాలయ బృందావనానికి ప్రదక్షిణలు చేసి, ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకొన్నామని ఎమ్మిగనూరులో పదిమందికీ చెప్పే దంపతులు, కర్నూలుకో బళ్ళారికో పోయి సూదులు వేయించుకొన్న సంగతి మాత్రం సొంత అక్కచెల్లెండ్రకు సైతం చెప్పరు. మొక్కు గౌరవం, మందు గుట్టు. 1978 నాటి కలకత్తా ఇంతకంటె ఉదారమైనదేమీ కాదు. రోగి గుట్టును కాపాడవలసిన ధర్మం ఒకవైపు, రుజువు చూపవలసిన అగత్యం మరొకవైపు. వైద్యుడు నడుమ చిక్కినాడు. ఆయన గుట్టునే కాపాడినారు.

ప్రభుత్వం 1978 నవంబరులో విచారణసంఘాన్ని నియమించినది. దాని అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్రంలో పండితుడు. సంతానోత్పత్తి హార్మోనులను తన జీవితవృత్తిగా చేసికొన్న ఒక వైద్యుని పనిని తూచే పీఠంపై ఆ విద్య తెలిసినవారికి కాక ఇతరులకు పెద్దపీట వేయడం నేటికీ వింతగానే తోస్తుంది. ఇంటిలో వాడే సామాన్యపు శీతలయంత్రం, చిన్న గది, కొద్దిపాటి పరికరాలు – వీనితో ఇంగ్లండువారు చేయనిది చేయడమా అన్న సందేహం వారిని వీడలేదు. ఆయన చెప్పినది నమ్మదగినది కాదని సంఘం తేల్చినది. సందేహించడం తప్పు కాదు. శాస్త్రానికి సందేహమే ప్రాణం. కాని సందేహించినవాడు ప్రయోగాన్ని మరల చేయించి చూడాలి. ఆ అవకాశం ఆయనకు కలుగలేదు.

1979లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంవారు తమ పరిశోధనకేంద్రానికి వచ్చి ప్రసంగించుమని పిలిచినారు. ప్రభుత్వోద్యోగి కనుక అనుమతి కావాలి. అనుమతి రాలేదు. తన పనిని ఎరిగినవారి ఎదుట నిలబడి చెప్పుకొనే ద్వారం అట్లు మూసుకొన్నది. ఆయన కొలువు అప్పటికి కలకత్తాకు దూరాన బాంకురా వైద్య కళాశాలలో. క్రమంగా గుండెజబ్బు సోకినది. 1981లో కలకత్తాకు బదిలీ చేసినారు గాని, వేసినది నేత్రవైద్య సంస్థలో, విద్యుత్ శరీరధర్మశాస్త్ర ఆచార్యపదవిలో. అండాశయాన్ని చదువుకొన్నవానిని కంటి వద్ద కూర్చోబెట్టినారు. ప్రత్తి పండించేవానిని చేపల చెరువుకు కాపలా పెట్టినట్లయినది. ఆ బదిలీ తరువాత ఎంతోకాలం గడవకుండానే, అదే సంవత్సరం, కలకత్తాలోని తమ ఇంట ఆయన తన ప్రాణం తానే తీసికొన్నారు. వయస్సు 50. పాఠశాలలో ఉపాధ్యాయిని అయిన భార్య నమిత ఒంటరిగా మిగిలినది.

ఆయన పోయిన ఆ 1981 సంవత్సరాంతాననే, అమెరికాలోని నార్‌ఫోక్ నగరంలో హార్మోను సూదులతో అండాలు పెంచి చేసిన ఫలదీకరణ ద్వారా ఒక శిశువు పుట్టినది. 1984లో ఆస్ట్రేలియాలో, గడ్డకట్టించిన పిండం నుండి శిశువు పుట్టినదని ప్రపంచం వేడుక చేసికొన్నది. కలకత్తా వైద్యుడు ఈ రెండు పనులనూ ఒకే శిశువు విషయంలో 1978లోనే చేసి ఉన్నాడు. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమానం లభించినది. అది ఆయనకు తగినదే. సుభాష్ ముఖోపాధ్యాయ కథను ఆధారం చేసికొని రమాపద చౌధురి వంగభాషలో నవల వ్రాసినారు. దానినే తపన్ సిన్హా 1990లో హిందీ చలనచిత్రంగా తీసినారు. సాహిత్యం శాస్త్రసంఘాల కంటె ముందే తీర్పు చెప్పినదన్నమాట.

నేడు ఆదోని ప్రాంతపు దంపతులు చికిత్సకు హైదరాబాదో బెంగుళూరో వెళ్ళినపుడు జరిగేది స్థూలంగా ఇది. భార్యకు పది పన్నెండు రోజులు సూదులు ఇస్తారు. పుటికలు ఎదిగిన తరువాత మరొక సూదితో వానిని పక్వం చేసి, 36 గంటల లోపల అండాలు తీస్తారు. పిండాలను ద్రవ నత్రజనిలో, సున్నకు 196 డిగ్రీల దిగువన దాచి, మరొక నెలలో నాటడం ఇప్పుడు సర్వసామాన్యం. సూదులకు అండాశయాలు మితిమీరి ఉబ్బి ప్రాణాపాయం కలిగే స్త్రీలకు ఈ వాయిదా రక్షాకవచం కూడ. వెంటనే గర్భం నిలిస్తే పిండపు హార్మోను ఆ ఉబ్బును ఇంకా పెంచుతుంది. పడమటి పల్లెలలో వానలు లేని ఏట దంపతులు మూటాముల్లె సర్దుకొని సుగ్గికి పోతారు. గుంటూరు మిరపతోటలలో నెలల తరబడి ఉంటారు. చేతిలో డబ్బు ఆడిన నెల, గర్భాశయం అనుకూలించిన నెల, కూలి మానుకొని ఇంట ఉండగలిగిన నెల – ఈ మూడూ ఒకటి కావడం వారికి దుర్లభం. వేచి ఉండగల పిండం ఎవరికైనా అవసరపడవచ్చు గాని, ఇటువంటివారికి మరింత అవసరం. అయితే ఖర్చు నేటికీ వారికి అందుబాటులో లేదు. ఖర్చు పెట్టినవారికందరికీ ఫలమూ దక్కదు. ఈ చికిత్సాలయాల కట్టుబాటుకు పార్లమెంటు 2021లో చట్టం చేసినది.

భారతదేశంలో తొలి పరీక్షనాళికా శిశువుగా చాలకాలం చెల్లినది 1986 ఆగస్టు 6న బొంబాయిలో పుట్టిన హర్ష. ఆ కీర్తి డాక్టర్ ఇందిరా హిందుజాకు, శాస్త్రవేత్త ఆనంద్ కుమార్‌కు దక్కినది. 1997లో కలకత్తాకు పోయినపుడు ఆనంద్ కుమార్ చేతికి సుభాష్ ముఖోపాధ్యాయ వ్రాసి ఉంచిన పత్రాలు వచ్చినవి. ఆయన వానిని ఒక్కొక్కటిగా చదివినారు. మోతాదులు, తేదీలు, ద్రవాల పాళ్ళు, నాటిన దినం – అన్నీ పొందికగా ఉన్నవి. చదివి ఊరకుండిపోయిననాడు తన కీర్తికి లోపం వచ్చేది కాదు. ఆయన ఊరకుండలేదు. దేశంలో ఆ పని మొదట చేసినవాడు తాను కాదని, కలకత్తా వైద్యుడని, అదే సంవత్సరం ఒక శాస్త్రపత్రికలో పేరుపెట్టి ప్రకటించినారు. విద్వాంసులలో ఇటువంటి త్యాగం తరచుగా కానరాదు. తరువాతి సంవత్సరాలలో భారత వైద్య పరిశోధన మండలి ఆ కృషిని గుర్తించినది.

2003లో, తనకు 25 ఏండ్లు నిండినపుడు, దుర్గ తానే ముందుకు వచ్చి, తన జన్మ వృత్తాంతాన్ని కలకత్తాలో బహిరంగంగా చెప్పినది.